మునిగిన వీధి ఒక్కటే చూపిస్తే ముప్పు అర్థమైనట్టేనా?

2018 సెప్టెంబర్‌లో ఫ్లోరెన్స్ హరికేన్ అమెరికా తూర్పు తీరం వైపు కదులుతున్నప్పుడు వెదర్ ఛానెల్ ఒక చిన్న వీడియో చూపించింది. స్టూడియోలో ఒక వాతావరణ నిపుణురాలు నిలబడి ఉంటుంది, ఆమె చుట్టూ గ్రాఫిక్స్‌తో గీసిన మామూలు వీధి, పక్కన ఒక కారు. ఆమె మాట్లాడుతుండగానే నీళ్లు మూడు అడుగులకు చేరతాయి, తర్వాత ఆరు, ఆ తర్వాత తొమ్మిది. తొమ్మిది అడుగుల దగ్గర ఆమె నీటి గోడ వెనక చిన్నపిల్లలా కనిపిస్తుంది. అప్పటిదాకా "తొమ్మిది అడుగుల ఉప్పెన" అన్నది వార్తల్లో ఒక అంకె మాత్రమే. ఆ ఒకటిన్నర నిమిషంలో అది మనిషి ఎత్తుతో పోల్చి చూసుకునే వస్తువు అయిపోయింది. వీడియో ఊహించనంతగా జనంలోకి వెళ్లిపోయింది, ఆ తర్వాత నుంచి వాతావరణ మార్పు గురించి చెప్పాలనుకునే ప్రతి ఒక్కరికీ ఇదే సరైన దారి అనిపించడం మొదలైంది.

అలా అనిపించడంలో తప్పేమీ లేదు. మాటలు ఎంత ఘోరంగా విఫలమవుతాయో అంతకు ఐదేళ్ల ముందే ఫిలిప్పీన్స్‌లో చూశారు. 2013 నవంబర్‌లో హైయాన్ తుపాను వచ్చినప్పుడు హెచ్చరికలు అందలేదని కాదు, అందాయి. కానీ వాటిలో ఉన్న "స్టార్మ్ సర్జ్" (ఉప్పెన) అనే మాట టాక్లోబాన్ తీరంలో చాలామందికి ఏమీ చెప్పలేకపోయింది. పెద్ద గాలివాన అనుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. సునామీ అని ఉంటే పరిగెత్తేవాళ్లమని బతికినవాళ్లు తర్వాత చెప్పారు. ఆ తుపానులో 6,000 మందికి పైగా చనిపోయారు. అంకె సరైనదే, అంచనా దాదాపు సరైనదే, మాట మాత్రం చేరాల్సిన చోటికి చేరలేదు. అలాంటి చోట ఒక బొమ్మ, ఒక వీడియో, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించే ఒక సిమ్యులేషన్ ప్రాణాలు కాపాడగలదు. ఇందులో వాదనేమీ లేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, రెండు రోజుల్లో రాబోయే తుపాను కోసం తయారైన ఈ పద్ధతిని ముప్పై, యాభై ఏళ్ల మీద పరుచుకున్న ముప్పుకు ఉన్నదున్నట్టు వాడేసినప్పుడు. తుపాను విషయంలో చెప్పాల్సింది ఒక్కటే: నీళ్లు ఇంత ఎత్తు వస్తాయి, వెళ్లిపోండి. వాతావరణ మార్పు విషయంలో చెప్పాల్సింది అది కాదు. ఏది ఎంత తరచుగా జరగొచ్చు, ఇప్పుడు ఏం చేస్తే అది ఎంత మారుతుంది, అన్నది. ముప్పు అనే మాటలో నష్టం ఎంత అన్నది సగమే. మిగతా సగం అది జరిగే అవకాశం ఎంత అన్నది. కళ్లకు తగిలించుకునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లో కనిపించే మునిగిన వీధి మొదటి సగాన్ని అద్భుతంగా చూపిస్తుంది, రెండో సగాన్ని గుట్టుగా మాయం చేస్తుంది.

ముందు ఈ సిమ్యులేషన్లు బాగా చేయగలిగింది ఏమిటో చూద్దాం, ఎందుకంటే అది చిన్న విషయం కాదు. చాలామందికి వాతావరణ మార్పు దూరపు సంగతి: ఎక్కడో ధ్రువాల దగ్గర, ఎప్పుడో 2100లో, ఎవరికో జరిగేది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని మానసిక దూరం అంటారు. ఆ దూరాన్ని తగ్గించడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్సన్ నడిపే వర్చువల్ హ్యూమన్ ఇంటరాక్షన్ ల్యాబ్ చాలా ఏళ్లుగా ప్రయోగాలు చేస్తోంది. వాళ్లు తయారు చేసిన ఒక వీఆర్ అనుభవంలో చూసేవాళ్లు సముద్రం అడుగున పగడంగా మారిపోతారు. చుట్టూ ఉన్న జీవులు ఒక్కొక్కటిగా మాయమవుతుంటే చూస్తారు, ఆఖరికి తమ "శరీరం" కూడా విరిగిపోతుంది. అందులో వాడుకున్న చోటు ఇటలీలోని ఇస్కియా ద్వీపం. అక్కడ అగ్నిపర్వతం వల్ల సముద్రగర్భం నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పైకి వస్తూ ఉంటుంది కాబట్టి నీళ్లు ఇప్పటికే ఆమ్లంగా ఉన్నాయి. అంటే ఈ శతాబ్దం చివర్లో మిగతా సముద్రాలు ఎలా ఉండొచ్చో చూపించే సహజమైన ప్రయోగశాల అన్నమాట. ఊహించి గీసిన భవిష్యత్తుకు బదులు ఎక్కడో ఒకచోట ఇప్పటికే ఉన్నదాన్ని చూపించడం, ఈ ఎంపిక చాలా తెలివైనది, మిగతా సిమ్యులేషన్లు దీన్ని పెద్దగా అనుసరించకపోవడం ఆశ్చర్యమే. స్కూలు పిల్లల నుంచి పెద్దల దాకా దాదాపు 270 మందితో చేసిన నాలుగు అధ్యయనాల ఫలితాలు 2018లో వచ్చాయి. సముద్రాలు ఆమ్లంగా మారడం గురించి వాళ్ల అవగాహన పెరిగింది, నీటి అడుగున ఎక్కువ తిరిగి చూసినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు.

అదే ల్యాబ్ నుంచి వచ్చిన ఇంకో ప్రయోగం మరీ ప్రసిద్ధం. హెడ్‌సెట్ పెట్టుకుని, చేతిలో రంపంలా అదిరే పరికరం పట్టుకుని, పెద్ద చెట్టును కోయాలి, అది కూలేదాకా. తర్వాత పొరపాటున జరిగినట్టుగా నీళ్లు ఒలకబోస్తారు. చెట్టు కోసినవాళ్లు, అదే విషయం చదివినవాళ్ల కంటే, తుడవడానికి సుమారు 20 శాతం తక్కువ కాగితాలు వాడారు. చదివినప్పుడు మంచి ఫలితమే. కానీ ఇక్కడ ఒకటి గమనించాలి, చెట్టుకూ కాగితానికీ మధ్య దారి ఒక్క అడుగు. చేతితో కోశాను, చేతితో వాడుతున్నాను. మునిగిన వీధి చూసిన మనిషికి అలాంటి ఒక్క అడుగు దారి ఎక్కడుంది? హెడ్‌సెట్ తీశాక అతను తుడవాల్సిన నీళ్లేమీ ఉండవు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2019లో డెన్మార్క్‌లో గైడో మక్రాన్‌స్కీ బృందం సైన్స్ ల్యాబ్ సిమ్యులేషన్‌ను మామూలు స్క్రీన్ మీదా, వీఆర్‌లోనూ విద్యార్థులకు ఇచ్చి చూసింది. వీఆర్‌లో "నిజంగా అక్కడే ఉన్నట్టు" ఎక్కువ అనిపించింది, నేర్చుకోవడం మాత్రం తగ్గింది. మెదడు చూడటంలోనే అలసిపోయింది మరి. కాబట్టి ఎంత నిజంలా ఉంటే అంత మంచిదన్న నమ్మకాన్ని కాస్త అనుమానించాలి. (కొందరికి ఐదు నిమిషాల్లో తల తిరుగుతుంది, అది వేరే సంగతి.)

ఇక అసలు విషయం, అవకాశాల లెక్క.

"వందేళ్ల వరద" అని ఇంజనీర్లు అంటే వందేళ్లకోసారి క్యాలెండర్ చూసుకుని వచ్చే వరద అని చాలామంది అనుకుంటారు. దాని అర్థం ఏ ఏడాదైనా అది రావడానికి 1 శాతం అవకాశం ఉందని. 1 శాతం అంటే వదిలేయొచ్చు అనిపిస్తుంది, కానీ ఇంటి అప్పు తీరేంత కాలం, అంటే 30 ఏళ్లు అదే ఇంట్లో ఉంటే కనీసం ఒక్కసారైనా ఆ వరద చూసే అవకాశం 26 శాతం. ఏటా వచ్చే అవకాశం 2 శాతానికి పెరిగితే 30 ఏళ్లలో అది దాదాపు 45, 5 శాతమైతే దాదాపు 79. లెక్క కష్టమైందేమీ కాదు, కానీ చూడగానే మనసుకు తట్టదు. సముద్ర మట్టం పెరగడం చేసే అసలు పని ఇదే: కొత్త రకం విపత్తును పుట్టించడం కంటే ముందు, అరుదుగా వచ్చేదాన్ని తరచుగా వచ్చేదిగా మార్చేస్తుంది. గతంలో శతాబ్దానికి ఒకసారి వచ్చిన స్థాయి తీవ్ర సముద్ర మట్టాలు, 2100 నాటికి కొలతలు తీసే తీర కేంద్రాల్లో సగానికి పైగా చోట్ల ఏటా కనీసం ఒకసారి రావొచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెబుతోంది.

ఇప్పుడు ఇదంతా సిమ్యులేషన్‌లో పెట్టి చూడండి. హెడ్‌సెట్ పెట్టుకున్న ప్రతివాడికీ వీధి మునుగుతుంది. వందమంది పెట్టుకుంటే వందమందికీ. అంటే అది చెబుతున్న అవకాశం 26 కాదు, 79 కాదు, నూటికి నూరు. చూసినవాడు రెండు రకాలుగా స్పందిస్తాడు. మొదటి రకం హడలిపోతాడు, పది రోజుల తర్వాత బయట వీధి పొడిగానే ఉండటం చూసి నెమ్మదిగా మర్చిపోతాడు. రెండో రకం అక్కడికక్కడే "ఇదంతా అతి" అనుకుంటాడు, ఒకసారి అలా అనుకున్నాక అసలు లెక్కలు చూపించినా వినడు. ఇద్దరికీ ముప్పు చేరలేదు.

మరి నూటికి నూరు తప్పు కదా, నిజమైన అవకాశాలతోనే ఆడిద్దాం అంటే? అంటే ఏడాది తర్వాత ఏడాది నడిపించి, పాచిక వేసినట్టు వరద వచ్చిన ఏడాది వచ్చేలా, రాని ఏడాది రాకుండా ఉండేలా. వినడానికి న్యాయంగా ఉంది, కానీ అందులో ఇంకా పెద్ద గొయ్యి ఉంది. 2004లో రాల్ఫ్ హెర్ట్‌విగ్, ఎల్కె వెబర్, ఇంకో ఇద్దరు పరిశోధకులు ఒక విషయం చూపించారు: అరుదైన సంఘటన గురించి అంకెల్లో చదివినవాళ్లు దానికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువిస్తారు, స్వయంగా అనుభవించి తెలుసుకున్నవాళ్లు తక్కువ బరువిస్తారు. కారణం సాదాది. కొద్దిసార్లు మాత్రమే చూస్తే అరుదైనది అసలు కనిపించకపోవచ్చు. 1 శాతం వరదతో 30 ఏళ్లు నడిపిస్తే నూటికి 74 మందికి ఏమీ జరగదు. వాళ్లు హెడ్‌సెట్ తీసి "చూశారా, ఏం కాలేదు" అని ఇంటికి వెళతారు, అదీ స్వయంగా చూసిన ధీమాతో. నిజమైన జీవితం కూడా సరిగ్గా ఇలాగే మోసం చేస్తోంది కాబట్టే కదా సిమ్యులేషన్ అవసరమైంది.

అంటే ఒక్క విపత్తు చూపిస్తే ఎక్కువ అవుతుంది, ఒక్క జీవితం చూపిస్తే తక్కువ అవుతుంది. కంప్యూటర్‌కు మాత్రమే చేతనైన పని ఒకటుంది: ఒకే మనిషికి వంద జీవితాలు చూపించడం. అదే ఇల్లు, అదే 30 ఏళ్లు, వందసార్లు. ఒక్కొక్కటీ రెండు సెకన్లు చాలు. 74 సార్లు పొడిగా, 26 సార్లు తడిగా, కొన్నిసార్లు రెండుసార్లు మునిగి. తర్వాత సముద్రం కాస్త పెంచి మళ్లీ వంద. అప్పుడు మునిగిన ఇళ్లు ఎలా పెరిగాయో కళ్ల ముందే ఉంటుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2015లో జెసికా హల్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి అనిశ్చితిని గీతలతో గీయడం మానేసి, ఒక్కో సాధ్యమైన ఫలితాన్ని ఒక్కో ఫ్రేమ్‌గా వెంటవెంటనే చూపిస్తే మామూలు జనం చాలా విషయాలు మెరుగ్గా అంచనా వేయగలరని చూపించారు. అందులో త్రీడీ లేదు, నీటి శబ్దం లేదు, కదిలే గీతలు మాత్రమే.

బొమ్మ బాగున్నంత మాత్రాన జనం దాన్ని గీసినవాళ్లు అనుకున్నట్టే చదువుతారని కూడా లేదు. హరికేన్ దారిని చూపించే అమెరికా పటం మీద ఉండే శంకువు ఆకారాన్నే తీసుకోండి. తుపాను కేంద్రం ఎటు వెళ్లొచ్చో అందులో ఉన్న అనిశ్చితిని అది చూపిస్తుంది, గత అయిదేళ్ల అంచనాల్లో వచ్చిన తప్పుల్లో మూడింట రెండు వంతులు దాని లోపల పట్టేలా దాని వెడల్పు నిర్ణయిస్తారు. చాలామంది మాత్రం తుపాను అంతకంతకూ లావెక్కుతోందని చదువుకుంటారు, గీత బయట ఉన్నవాళ్లు తాము భద్రమనుకుంటారు. ఏళ్ల తరబడి రోజూ టీవీలో కనిపించే బొమ్మకే ఈ గతి పడితే, ఒక్కసారి ఐదు నిమిషాలు చూసే వీఆర్ గురించి ఎంత నమ్మకంగా ఉండగలం?

ఇంతవరకూ అవకాశాల సంగతి. బొమ్మ వెనక ఉన్న లెక్క కూడా చూసేవాడికి కనిపించదు, ఇది ఇంకో తలనొప్పి. మునక పటాలు చాలావరకు తొట్టి పద్ధతిలో పనిచేస్తాయి. నీటి మట్టం ఇంత అని పెడతారు, అంతకంటే పల్లంగా ఉన్న నేలంతా నీలం రంగులోకి మారుతుంది. కట్టలు, మురుగు కాలువలు, అలల ఊపు చాలాసార్లు లెక్కలోకి రావు. నేల ఎత్తు కొలతలే తప్పయితే ఇంకేం చెప్పాలి? ప్రపంచమంతటికీ ఎక్కువగా వాడుతూ వచ్చిన ఎత్తుల పటం 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసినది. దానికి నేలకూ, చెట్ల తలలకూ, ఇంటి పైకప్పులకూ తేడా సరిగా తెలియదు, కాబట్టి తీరాన్ని సగటున సుమారు 2 మీటర్లు ఎత్తుగా చూపించింది. శతాబ్దం చివరికి సముద్రం పెరుగుతుందన్న అంచనాలే ఒక మీటరు అటూఇటూ ఉంటే కొలతలోనే రెండు మీటర్ల తప్పు! 2019లో క్లైమేట్ సెంట్రల్ అనే అమెరికా పరిశోధన సంస్థకు చెందిన స్కాట్ కల్ప్, బెంజమిన్ స్ట్రాస్ ఆ తప్పును సరిదిద్ది చూస్తే ముంపు ముప్పులో ఉన్నవాళ్ల అంచనా సుమారు మూడు రెట్లయింది. ఆ పైకప్పుల కింద బతికే మనుషులు అన్నాళ్లూ పటంలో గట్టు మీద ఉన్నట్టే లెక్క.

ఏ భవిష్యత్తును చూపిస్తున్నారన్నది మరొకటి. 2021 ఐపీసీసీ అంచనాల ప్రకారం 2100 నాటికి, 1995–2014 సగటుతో పోలిస్తే, సముద్రం తక్కువ ఉద్గారాల (మనం గాలిలోకి వదిలే వాయువుల) దారిలో 32 నుంచి 62 సెంటీమీటర్లు, మరీ ఎక్కువ ఉద్గారాల దారిలో 63 సెంటీమీటర్ల నుంచి 1.01 మీటర్ల దాకా పెరగొచ్చు. మంచు పలకలు అనుకోని విధంగా కూలితే 2 మీటర్లకు దగ్గరగా పెరగడం కూడా అసాధ్యం కాదని అదే నివేదిక అంటుంది. సిమ్యులేషన్ చేసేవాళ్లకు సహజంగానే చివరి అంకె మీద మనసు పోతుంది, 40 సెంటీమీటర్ల నీళ్లు తెర మీద ఏం ఆకట్టుకుంటాయి? మరీ తీవ్రమైన దారిని "ఇలాగే సాగితే ఇదే జరుగుతుంది" అన్నట్టు చూపించడం తప్పుదోవ పట్టిస్తోందని 2020లో జెక్ హౌస్‌ఫాదర్, గ్లెన్ పీటర్స్ నేచర్ పత్రికలో రాశారు. వాళ్లిద్దరూ వాతావరణ శాస్త్రం వైపు మనుషులే, ముప్పును తేలిగ్గా తీసుకోవాలనే ఉద్దేశం వాళ్లకు లేదు.

ఈ విషయంలో కనీసం నిజాయితీగా ఉన్నది కెనడాలో ఏఐ శాస్త్రవేత్త యోషువా బెంజియో స్థాపించిన మీలా సంస్థ 2021లో తెచ్చిన వెబ్‌సైట్. ఏ చిరునామా ఇచ్చినా గూగుల్ స్ట్రీట్ వ్యూ ఫొటో తీసుకుని ఏఐతో అక్కడ వరదో, పొగో, కార్చిచ్చు ఛాయో గీసి చూపిస్తుంది. ఆ బొమ్మ ఆ చిరునామాకు అంచనా కాదని ఆ సైటే చెబుతుంది. విపత్తు తమ వీధిలో వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి సాయం, అంతే. కానీ తన ఇల్లే మునిగినట్టు కనిపిస్తున్న ఫొటో చూస్తున్న మనిషి ఈ తేడాను ఎంతవరకు గుర్తుపెట్టుకుంటాడు? ఆ బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో పంపాక వివరణ దాని వెంట వెళ్లదు.

భయం పని చేస్తుందా అన్న పాత చర్చ ఇక్కడ ఎలాగూ వస్తుంది. సాఫ్రన్ ఓ'నీల్, సోఫీ నికల్సన్-కోల్ అనే పరిశోధకులు 2009లోనే చెప్పారు, భయపెట్టే బొమ్మలు చూపును పట్టుకుంటాయి, కానీ అవే చూసేవాడిని "ఇక నా చేతుల్లో ఏముంది" అనే స్థితికి నెడతాయని. ముప్పు ఉందని నమ్మినంత మాత్రాన మనిషి కదలడు, తాను చేసేదానితో ముప్పు తగ్గుతుందనీ, అది చేయడం తనకు సాధ్యమేననీ కూడా నమ్మాలి. ఇది లేకుండా మొదటిదాన్ని పెంచితే వచ్చేది టెన్షన్, ఆ తర్వాత ఛానెల్ మార్చడం. అందుకే మునిగిన వీధితో ముగిసే సిమ్యులేషన్ సగంలో ఆగిపోయిన వాక్యం లాంటిది. అదే వీధిలో ఇల్లు ఒక మీటరు ఎత్తు లేపితే, మడ అడవి పెంచితే, ముందుగా హెచ్చరిక వస్తే వంద జీవితాల్లో ఎన్ని తడుస్తాయో మళ్లీ ఆడి చూసుకునే వీలుండాలి.

ఇలా మీట తిప్పి చూసుకునే పని చాలా ఏళ్లుగా చేస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర హెడ్‌సెట్లు లేవు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జాన్ స్టెర్మన్ 2007లో లిండా బూత్ స్వీనీతో కలిసి ఒక చిన్న పరీక్ష పెట్టారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒక స్థాయిలో నిలిచిపోవాలంటే ఉద్గారాలు ఎలా మారాలో గీయమంటే, అక్కడి పీజీ విద్యార్థుల్లోనే ఎక్కువమంది తప్పు గీశారు. ఉద్గారాలు పెరగడం ఆగితే చాలు, గాలిలోని మోతాదు కూడా ఆగిపోతుందనుకున్నారు. తొట్టి ఉదాహరణతో చూస్తే తప్పు వెంటనే తెలుస్తుంది (మునక పటంలో తొట్టి మోసం చేసింది, ఇక్కడ సాయం చేస్తోంది). కుళాయిలోంచి పడుతున్న నీళ్లు అడుగున కారిపోయే నీళ్లకు రెండింతలు ఉన్నప్పుడు కుళాయిని ఇంకా ఎక్కువ తిప్పకుండా ఉంటే సరిపోదు, తొట్టి నిండుతూనే ఉంటుంది. ప్రకృతి పీల్చుకునేది మనం వదిలేదాంట్లో దాదాపు సగమే కాబట్టి లెక్క కూడా ఇంచుమించు అదే. "ఇంకొన్నాళ్లు చూసి తర్వాత తగ్గిద్దాం" అనే ఆలోచన ఈ తప్పు నుంచే పుడుతుంది, ఎంత మునిగిన వీధిని చూపించినా ఈ తప్పు పోదు, ఎందుకంటే ఆ వీధిలో కుళాయి కనిపించదు.

ఎన్-రోడ్స్ అనే ఉచిత సిమ్యులేటర్‌ను క్లైమేట్ ఇంటరాక్టివ్ అనే సంస్థ, ఎంఐటీ కలిసి తయారు చేశాయి. బ్రౌజర్లో తెరుచుకుంటుంది: బొగ్గు మీద పన్ను, చెట్లు నాటడం, విద్యుత్ వాహనాలు, ఇలా కొన్ని మీటలు, పక్కన 2100 నాటి ఉష్ణోగ్రత. మొదటిసారి ఆడేవాళ్లు చాలామంది చెట్ల మీటను చివరిదాకా లాగుతారు, ఉష్ణోగ్రత అనుకున్నంతగా దిగదు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే ఒక నమ్మకం కదులుతుంది. దాని అన్న వరస అయిన సీ-రోడ్స్‌తో వరల్డ్ క్లైమేట్ అనే ఆట ఆడిస్తారు. గదిలో ఉన్నవాళ్లు దేశాల బృందాలుగా విడిపోయి, ఉద్గారాలు ఎంత తగ్గిస్తామో బేరమాడి చెబుతారు, ఆ అంకెలు కంప్యూటర్లో వేసి ఫలితం అందరి ముందూ చూపిస్తారు. 8 దేశాల్లో 39 సార్లు ఆడిన 2,042 మంది మీద అధ్యయనం 2018లో వచ్చింది. 81 శాతం మందిలో ఈ విషయం మీద ఏదైనా చేయాలన్న పట్టుదల పెరిగింది, అదీ రాజకీయంగా ఏ వైపు వాళ్లలోనైనా.

ఈ ఆటలో ధనిక దేశాల వాళ్లు బల్ల చుట్టూ కుర్చీల్లో కూర్చుంటారు, పేద దేశాల వాళ్లను నేల మీద కూర్చోబెడతారు. మొదటి విడత బేరం దాదాపు ఎప్పుడూ చాలదు. కంప్యూటర్ లెక్క వచ్చాక ఆడిస్తున్నవాళ్లు పెద్ద నీలం టార్పాలిన్ పట్టా ఒకటి తెచ్చి నేల మీద ఉన్నవాళ్ల తలల మీదుగా కప్పేస్తారు, సముద్రం అన్నమాట. గదిలో నవ్వులు వస్తాయి. పట్టా కింద ఉన్నవాళ్లకు ఆ అంకె ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలుసు, కుర్చీల్లో ఉన్నవాళ్లకూ తెలుసు, పైగా ఇంకో విడత బేరం మిగిలే ఉంది.